లింకన్ మెమోరియల్‌కి పెయిడ్ టూరా, ఫ్రీ రేంజర్ టాకా? అమ్మానాన్నలతో రెండు సార్లు వెళ్ళొచ్చాక నా రివ్యూ

మా అమ్మానాన్న తెనాలి నుంచి మూడు నెలలకని వచ్చారు. వాళ్ళకి వాషింగ్టన్ డీసీ చూపించడానికి రెండు సార్లు వెళ్ళాం, మొదటిసారి ఒక శనివారం డబ్బులు కట్టి వాకింగ్ టూర్‌లో, రెండోసారి ఆ తర్వాత వారం మామూలు రోజు పొద్దున్నే మా అంతట మేమే వెళ్ళి అక్కడున్న పార్క్ రేంజర్ (పార్క్ సర్వీస్ ఉద్యోగి) చెప్పింది విన్నాం. అదే చోటు, అవే మెట్లు, అదే విగ్రహం. కానీ మొదటిసారి ఇంటికొస్తూ నాన్న కారులో నిద్రపోయారు, రెండోసారి దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. పేరెంట్స్ వస్తున్నారు ఏ టూర్ బుక్ చెయ్యమంటారు అని మన వాళ్ళు చాలామంది అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ప్లేస్ గురించి. లింకన్ మెమోరియల్‌కి ఎంట్రీ ఫ్రీ, టికెట్ లేదు, 24 గంటలూ తెరిచే ఉంటుంది. 1922 మే 30న ప్రారంభించారు, డిజైన్ హెన్రీ బేకన్ అనే ఆర్కిటెక్ట్‌ది, లోపల కూర్చున్న లింకన్ విగ్రహం డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ చేసింది. 19 అడుగుల విగ్రహం, 28 పాలరాతి దిమ్మెలు కలిపి చెక్కారు, కానీ ఎంత దగ్గరకెళ్ళి చూసినా అతుకులు గబుక్కున కనపడవు. చుట్టూ 36 స్తంభాలు, లింకన్ చనిపోయేనాటికి అన్ని రాష్ట్రాలు ఉన్నాయని. అంటే కట్టడమే ఒక మాట చెప్తోంది, దేశం విడిపోలేదు, అన్ని రాష్ట్రాలూ ఒకే కప్పు కింద ఉన్నాయి అని. మా అమ్మ మెట్లన్నీ ఎక్కి స్తంభాల దగ్గరకి రాగానే చెప్పులు విప్పేసింది. అమ్మా ఇక్కడ అక్కర్లేదు అంటే, గుడిలాగా ఉంది కదే, చెప్పులతో ఎలా వెళ్తాం అంది. లింకన్ తల వెనక గోడ మీద మొదటి మాటే 'ఈ గుడిలో' అని ఉంటుంది, అమ్మకి ఇంగ్లీష్ చదవడం రాదు, అయినా ఆ కట్టడం ఏం చెప్పాలనుకుందో నాకంటే ముందు తనకే అర్థమైంది.

ఇప్పుడు పెయిడ్ టూర్ సంగతి. మనిషికి 40 డాలర్ల పైనే అయింది, రెండున్నర గంటల్లో ఏడు మెమోరియల్స్ చూపిస్తామన్నారు. కంపెనీ పేరు రాయను. అందరికీ చెవికి పెట్టుకునే హెడ్‌సెట్లు ఇచ్చారు, మా నాన్నది పది నిమిషాలకే గరగరమని ఆగిపోయింది, మార్చమంటే ఎక్స్‌ట్రా లేవన్నారు. అప్పటినుంచి నాన్న గైడ్ మొహం చూస్తూ నడవడమే. నాది తీసి ఇద్దామంటే వద్దమ్మా నువ్వు విని నాకు చెప్దువుగాని అన్నారు. లింకన్ దగ్గర మొత్తం 20 నిమిషాలు. గైడ్ కుర్రాడు మర్యాదస్తుడే, అందులో వంక పెట్టను, కానీ చెప్పింది ఇంతే: లింకన్ బానిసత్వం తీసేశారు, 1963లో మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడే నిలబడి 'నాకొక కల ఉంది' అన్నారు, ఆ రోజు నుంచి అమెరికా మారిపోయింది, ఫొటోలు తీసుకోండి, 5 నిమిషాల్లో బయల్దేరాలి. నాకు అప్పుడు అందులో తప్పేమీ అనిపించలేదు, మనం స్కూల్లో చదువుకున్నదీ అంతే కదా. రెండోసారి వెళ్ళాక తెలిసింది, అసలు విషయమంతా తీసి పక్కన పెట్టి పైపైన ఉన్నది మాకు పెట్టారని.

నాన్న 34 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. 'ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు' అని ఎన్ని వేల మంది పిల్లల చేత చెప్పించారో లెక్కలేదు. ఆ మాట వచ్చింది లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగంలోంచి, 1863 నవంబర్ 19న, ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానం దగ్గర. ఆ రోజు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పెద్ద వక్త రెండు గంటలు మాట్లాడారు, లింకన్ రెండు మూడు నిమిషాలు, అంతా కలిపి 270 మాటలు చిల్లర. ఆ ప్రసంగం మొత్తం దక్షిణం గోడ మీద చెక్కి ఉంది. శనివారం నాన్నకి ఆ గోడ ముందు నిలబడ్డానికి కూడా టైమ్ దొరకలేదు, గ్రూప్ వెళ్ళిపోతోందని నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇంటికొచ్చాక అది గుర్తొచ్చి నాకు చాలా బాధేసింది, అందుకే మళ్ళీ వెళ్ళాం.

రెండోసారి పొద్దున్నే ఎండ ఎక్కకముందు వెళ్ళాం, జనం లేరు. నాన్న గెటిస్‌బర్గ్ గోడ ముందు నిలబడి చివరి వాక్యం పైకే చదివారు, ముందు ఇంగ్లీష్‌లో, తర్వాత క్లాసులో చెప్పే గొంతుతో తెలుగులో. పక్కనే ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడ, పార్క్ రేంజర్ టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నారు, అది ఏ భాష అని అడిగారు. చెప్పాను. మీ నాన్నగారు టీచరా అన్నారు. అవునన్నాను. అయితే ఎదురు గోడ మీద ఒక తప్పుంది, పట్టుకోమనండి అన్నారు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఉత్తరం గోడ దగ్గరకెళ్ళి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఒక్కో లైనూ వేలితో గాల్లో గీస్తూ వెళ్ళి, నాలుగైదు నిమిషాల్లో పట్టేశారు. 'ఫ్యూచర్' అన్న మాటలో మొదటి అక్షరం 'ఎఫ్' బదులు 'ఈ' చెక్కేశారు, తర్వాత కింది గీత పూడ్చారు గానీ ఆ మచ్చ ఇంకా కనిపిస్తూనే ఉంది. మనం వెళ్ళే గ్రూప్ టూర్‌లో ఇది చూసే తీరిక ఎక్కడిది.

ఆ ఉత్తరం గోడ మీద ఉన్నది లింకన్ రెండోసారి ప్రెసిడెంట్ అయినప్పుడు 1865 మార్చి 4న ఇచ్చిన ప్రసంగం. ఇంకో ఆరు వారాలకి ఆయన్ని కాల్చి చంపేశారు. 'ఎవరి మీదా పగ లేకుండా' అనే మాట అందరూ కోట్ చేస్తారు, మంచి మాటే. దానికి ముందు లైన్లు మాత్రం ఎవరూ చెప్పరు. కొరడా దెబ్బకి కారిన ప్రతి రక్తపు బొట్టుకీ కత్తి దెబ్బతో ఇంకో బొట్టు చెల్లించేదాకా ఈ యుద్ధం సాగాలన్నది దేవుడి చిత్తమైతే, ఆ తీర్పు కూడా న్యాయమే అంటాడు. ఒక దేశాధినేత, గెలవబోతున్న యుద్ధంలో, మన పాపానికి మనం కడుతున్న అప్పు ఇది అని సొంత జనానికి చెప్పడం. నాన్న ఆ లైన్ దగ్గర చాలాసేపు ఆగిపోయారు. ఇంకో విషయం రేంజర్ చూపించారు, లింకన్ తల పైన ఉన్న రాతలో ఆయన యూనియన్‌ని, అంటే రాష్ట్రాలన్నీ కలిసిన దేశాన్ని, కాపాడాడనే ఉంది, బానిసత్వం అన్న మాటే లేదు. అది రాసిన రాయల్ కోర్టిసోజ్ అనే కళా విమర్శకుడు కావాలనే వదిలేశారట, ఉత్తరం దక్షిణం ఇద్దరూ కలవాలంటే పాత పుండు కెలక్కూడదని. తల పైన ఐక్యత, పక్క గోడ మీద కొరడా. రెండింటికీ మధ్య కూర్చుని ఉన్నాడు ఆయన.

ఇక 1922 ప్రారంభోత్సవం. బానిసలకి విముక్తి ఇచ్చిన మనిషి గుడి తెరుస్తున్న రోజున నల్లజాతి వాళ్ళని వేరే వరసల్లో కూర్చోబెట్టారు. ఆ రోజు మాట్లాడిన వాళ్ళలో టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ అనే నల్లజాతి వాళ్ళ కాలేజీ అధిపతి రాబర్ట్ మోటన్ ఒకరు, ఆయన నల్లజాతి నాయకుడు. సమాన హక్కులు ఇవ్వకపోతే ఈ మెమోరియల్ ఉత్త బూటకం అవుతుందన్న అర్థంలో ఆయన రాసుకున్న భాగాన్ని ముందే చూసి తీసేయించారు. రేంజర్ గారు ఇది చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు, తగ్గించలేదు, అమ్మకి నేను తెలుగులో చెప్తుంటే ఆగి, నేను ముగించాకే తర్వాతది మొదలుపెట్టేవారు. 40 డాలర్లకి దొరకని మర్యాద అది.

తర్వాత 1939 కథ చెప్పారు. మరియన్ ఆండర్సన్ అనే గాయని, అప్పటికే యూరప్ అంతా మెచ్చిన గొంతు, నల్లజాతి మనిషని డీసీలో కాన్‌స్టిట్యూషన్ హాల్ ఇవ్వలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం, ఆవిడ ఈ మెట్ల మీద నిలబడి పాడారు, వినడానికి 75,000 మంది వచ్చారు, రేడియోలో దేశమంతా విన్నారు. అమ్మ ఒకటే అడిగింది, చలిగా ఉండుంటుంది కదా ఆవిడ ఏం కప్పుకుంది అని. రేంజర్ నవ్వి ఫొటో చూపించారు, పెద్ద ఫర్ కోటు. అమ్మకి ఆ ఫొటో తెగ నచ్చింది.

నాకు అక్కడే ఒకటి బాగా అర్థమైంది, ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా అదే. ఆ రాళ్ళు పెట్టినవాళ్ళు ఐక్యత అంటే గొడవ గురించి మాట్లాడకపోవడం అనుకున్నారు. ఎవరిని వెనక వరసల్లో కూర్చోబెట్టారో వాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి, పాడి, మాట్లాడి, ఆ మెట్లకి అర్థం మార్చేశారు. ఇది చెప్పని టూర్ ఎంత బాగా నడిపినా నా లెక్కలో టూర్ కాదు.

1963 ఆగస్టు 28 దగ్గరకొద్దాం. ఆ సభ అసలు పేరు 'ఉద్యోగాలు, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్ మార్చ్'. ఉద్యోగాలు అన్న మాట ముందు ఉంది చూడండి, మా గైడ్ నోట అది ఒక్కసారి కూడా రాలేదు. అప్పటికి కనీస వేతనం గంటకి డాలరు 15 సెంట్లు, వాళ్ళు రెండు డాలర్లు చెయ్యమన్నారు. వచ్చింది రెండున్నర లక్షల మంది. అమ్మ వెంటనే, అంతమందికి భోజనం ఎవరు పెట్టారు అంది. నేను ఇదేం ప్రశ్న అనుకుంటూనే ట్రాన్స్‌లేట్ చేశాను, రేంజర్ మాత్రం ఇది చాలా మంచి ప్రశ్న అని కూర్చుని మరీ చెప్పారు. న్యూయార్క్‌లో రివర్‌సైడ్ చర్చిలో వాలంటీర్లు రాత్రంతా కూర్చుని 80,000 లంచ్ ప్యాకెట్లు కట్టారట, చీజ్ శాండ్‌విచ్, ఒక ఆపిల్, ఒక కేకు ముక్క. ఇదంతా ఏర్పాటు చేసిన మనిషి బయార్డ్ రస్టిన్. మైకు సెట్టు మీద కూడా ఆయన గట్టిగా పట్టుబట్టారట, వినపడకపోతే అంత జనం కుదురుగా ఉండరు, ఖర్చయినా మంచిది కావాలని. ముందు రోజు ఎవరో దాన్ని పాడుచేస్తే ఆర్మీలో కమ్యూనికేషన్ పనులు చూసే సిగ్నల్ కోర్ వాళ్ళు వచ్చి రాత్రికి రాత్రి బాగు చేశారు. వినపడటం ముఖ్యమని రెండున్నర లక్షల మంది కోసం ఒకాయన అంత తాపత్రయపడ్డాడు, పదిహేను మంది గ్రూపులో మా నాన్నకి ఒక్క హెడ్‌సెట్ మార్చి ఇవ్వలేకపోయారు.

ఇప్పుడు కింగ్ నిలబడిన మెట్టు. విగ్రహం ఉన్న గది నుంచి 18 మెట్లు కిందకి దిగితే అక్కడ రాయి మీద చెక్కి ఉంటుంది, 2003లో పెట్టారు. శనివారం మేము దాన్ని తొక్కుకుంటూ వెళ్ళాం, చూడనే లేదు. అక్షరాలు లోతు తక్కువ, మధ్యాహ్నం ఎండలో అస్సలు కనపడవు. పొద్దున వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ప్రతి అక్షరం పక్కనా సన్నగా నీడ ఉంటుంది, అప్పుడు చదవొచ్చు. అమ్మ వంగి కూర్చుని, ముగ్గు చుక్కల మీద వేలు పెట్టినట్టు ఒక్కో అక్షరం మీద వేలు తిప్పింది. అక్కడ కూర్చుని నేను ఫోన్లో ఆ ప్రసంగం మొదటి భాగం తీసి నాన్నకి తెలుగులో చెప్పాను. కల గురించిన భాగం చివర్లో వస్తుంది, అది రాసుకొచ్చింది కూడా కాదు, వెనక నుంచి గాయని మహాలియా జాక్సన్ కల గురించి చెప్పు మార్టిన్ అని కేకేశారు, ఆయన కాగితం పక్కన పెట్టేశారు. రాసుకొచ్చింది అప్పు గురించి. ఈ దేశం కట్టిన పెద్దవాళ్ళు అందరికీ సమాన హక్కులని ఒక ప్రామిసరీ నోటు రాశారు, నల్లజాతి వాళ్ళ విషయంలో అది ఎగ్గొట్టారు, ఇచ్చిన చెక్కు డబ్బుల్లేవని తిరిగొచ్చింది, మేము ఆ చెక్కు మార్చుకోవడానికి వచ్చాం అంటారు.

నాన్న ఒక్కసారిగా ఇటు తిరిగి, ప్రోనోటు అన్నాడా ఆయన అన్నారు. అవును నాన్నా, ఆ మాటే. కాసేపు ఏమీ అనలేదు. మా తాతగారు పొలం మీద అప్పులు చేసిన మనిషి, నోటు అంటే ఏంటో నాన్నకి చిన్నప్పటినుంచీ తెలుసు. తర్వాత మెల్లగా అన్నారు, మన దగ్గర నోటు మూడేళ్ళకి తిరగరాయించుకోకపోతే కాలదోషం పట్టిపోద్దమ్మా, కోర్టుకెళ్ళినా దిక్కుండదు, వీళ్ళు నూరేళ్ళ తర్వాత నోటు పట్టుకొచ్చి చెల్లదని ఎవడన్నాడు అని అడిగారు చూడు. లింకన్ విముక్తి ప్రకటన 1863 జనవరి 1, ఈ సభ 1963. అందుకే వీళ్ళు లింకన్ విగ్రహం ముందుకే వచ్చి అడిగారు అన్నమాట, సాక్షి సంతకం పెట్టినోడి ఇంటి అరుగు మీద కూర్చుని అడిగినట్టు అన్నారు నాన్న. నేను పన్నెండేళ్ళుగా ఈ ఊరి పక్కన ఉంటున్నా, ఆ ప్రసంగం ఎన్నిసార్లో విన్నా, ఆ రోజు నాన్న చెప్పాకే నాకది అర్థమైంది. అంబేద్కర్ గారు కూడా 1949 నవంబర్‌లో రాజ్యాంగ సభలో ఇదే చెప్పారమ్మా, ఓటులో సమానం, బతుకులో కాదు, ఈ తేడా ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగారు, మేం దాన్ని పిల్లలకి రెండు మార్కుల ప్రశ్న చేసేశాం అన్నారు. ఆ మాట అన్నప్పుడు నాన్న కళ్ళల్లో నీళ్ళు.

కింగ్ మెమోరియల్ అక్కడికి పది పన్నెండు నిమిషాల నడక, టైడల్ బేసిన్ అనే పెద్ద కొలను ఒడ్డున. 2011లో తెరిచారు, అడ్రస్ నంబరే 1964, పౌర హక్కుల చట్టం వచ్చిన ఏడాది. రెండుగా చీలిన కొండ మధ్యలోంచి ఒక బండ ముందుకు జరిగినట్టు, దాని మీద 30 అడుగుల కింగ్. నిరాశ అనే కొండలోంచి ఆశ అనే రాయి, అది ఆయన మాటే, 1963 ప్రసంగంలోదే. నాకు విగ్రహం మొహం మరీ కఠినంగా అనిపించింది, చేతులు కట్టుకుని నిలబడ్డం కూడా ఆయన ఫొటోల్లో ఉన్న మనిషిలా లేదు. గోడ మీద 14 కొటేషన్లు మాత్రం ఓపిగ్గా చదవండి. ఇక్కడో పాఠం ఉంది: ఆ బండ పక్కన ముందు, నేను న్యాయం కోసం డప్పు బృందానికి ముందు నడిచినవాణ్ణి అన్నట్టు ఒక లైన్ చెక్కారు. ఆయన 1968లో చనిపోవడానికి రెండు నెలల ముందు అన్న అసలు మాటలో 'మీరు నన్ను అలా అనాలనుకుంటే' అని ఉంది. ఆ ఒక్క ముక్క తీసేసేసరికి వినయంగా అన్న మాట గొప్పలు చెప్పుకున్నట్టు అయిపోయింది, కవయిత్రి మాయా ఏంజెలో లాంటి వాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు, 2013లో ఆ లైన్ చెరిపేశారు. మోటన్ ప్రసంగంలో కోశారు, కింగ్ మాటలో కోశారు, మా గైడ్ ఉద్యోగాల మాట కోశాడు. కోసినప్పుడల్లా పోయేది అడుగుతున్న భాగమే.

మన వాళ్ళకి ఇంకోటి చెప్పాలి. 1964లో పౌర హక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అదే 1965 అక్టోబర్ 3న ఇమ్మిగ్రేషన్ చట్టం. అంతకుముందు ఇండియా నుంచి ఏడాదికి వంద మందికే కోటా, పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే ఆ పద్ధతి పోయింది ఈ ఉద్యమం తెచ్చిన ఊపులోనే. డీసీ పక్కన వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో, హెర్ండన్‌లో మనం ఇళ్ళు కొనుక్కుని, గుళ్ళు కట్టుకుని, బతుకమ్మలు, సంక్రాంతులు చేసుకుంటున్నామంటే ఆ మెట్ల ముందు ఎండలో చీజ్ శాండ్‌విచ్ తిని నిలబడిన వాళ్ళకి మనం కూడా బాకీ ఉన్నాం. చెర్రీ పూల ఫొటోలకి ఏటా వెళ్తాం కదా, ఆ పూల పక్కనే ఉంది కింగ్ మెమోరియల్, ఒక్క అరగంట ఆగండి, పిల్లలకి చదివి వినిపించండి.

ఇక ప్రాక్టికల్ విషయాలు. మెట్రోలో అయితే ఫాగీ బాటమ్‌లో దిగాలి, అక్కడినుంచి 20, 25 నిమిషాలు నడక, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కష్టం, క్యాబ్‌లో దిగడం మేలు. కింది నుంచి గది దాకా 58 మెట్లు, ముందున్న పొడవాటి నీటి కొలను (రిఫ్లెక్టింగ్ పూల్) దగ్గర్నుంచి లెక్కేస్తే 87. లిఫ్ట్ ఉంది గానీ ఆ రోజు నడుస్తోందో లేదో పార్క్ సర్వీస్ సైట్‌లో ముందే చూసుకోండి. జూన్, జూలైలో అయితే పొద్దున 9 లోపు లేదా రాత్రి 8 తర్వాత. నీళ్ళు తీసుకెళ్ళండి. రేంజర్ టాక్‌కి బుకింగ్ అక్కర్లేదు, టోపీ పెట్టుకున్న వాళ్ళ దగ్గరకెళ్ళి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు. పెద్దవాళ్ళకి మీరు పక్కనుండి తెలుగులో చెప్పండి, ఆగి ఆగి చెప్పండి, వాళ్ళ ప్రశ్నలు చిన్నవని వదిలెయ్యకండి.

రేటింగ్ అంటే, పెయిడ్ టూర్‌కి 5కి 2, అది కూడా ఆ కుర్రాడి మర్యాదకి. రేంజర్ గారికి 5కి 5. కింగ్ మెమోరియల్‌కి 4. ఒకే రోజులో ఏడు మెమోరియల్స్ వద్దు, ఈ రెండే చూడండి, సగం రోజు పెట్టుకోండి.

నాన్న వాళ్ళ తిరుగు టికెట్ సెప్టెంబర్ 3న. ఆగస్టు 28న పొద్దున్నే ఇంకోసారి ఆ మెట్టు దగ్గరకి తీసుకెళ్ళమన్నారు, ప్రోనోటు భాగం తెలుగులో రాసుకుంటున్నారు, అక్కడ కూర్చుని అమ్మకి చదివి వినిపిస్తారట. ఆ రోజుకి ఆఫీసులో సెలవు పెట్టేశాను.